అమెరికా లెక్కన ఇరవై

ఆ రోజు పొద్దున్న వైకుంఠరావు పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, ఫోనులో తారీకు చూడడం. రెండు, భార్యను వెంటబెట్టుకుని సోంపేట వెళ్లి, పిల్ల పెళ్లి ఇప్పట్లో కుదరదని తన అక్కగారికి చెప్పి, ఆవిడ తిట్టినన్ని తిట్లు తిని, మధ్యాహ్నానికి పలాసలో తను సూపర్‌వైజరుగా ఉన్న జీడిపప్పు ఫ్యాక్టరీకి చేరుకోవడం. రెండూ ఏళ్ల తరబడి చేస్తున్న పనులే గనక వాటిలో ప్రమాదం ఉంటుందని అతను అనుకోలేదు.

తారీకంటే పండగ తారీకు కాదు. అతని భార్య కాంతానికి ఉషారాణి అని ఒక అక్క ఉంది. అమెరికాలో నర్సు. అక్కడి పౌరసత్వం రాగానే ఆవిడ చేసిన మొదటి పని, చెల్లెలి కుటుంబాన్ని రప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టడం. అప్పటికి వైకుంఠరావు కూతురు అశ్విని బలపాలు నమిలే వయసులో ఉంది. ఇప్పుడు సోంపేటలో ఓ ప్రైవేటు బడిలో టీచరుగా చేరి, బలపాలు నమిలే పిల్లల్ని మందలిస్తోంది. దరఖాస్తు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఎందుకుందో వైకుంఠరావు తన ఫ్యాక్టరీ భాషలో అర్థం చేసుకున్నాడు. జీడిపిక్క కొట్టి తీసిన పప్పును, పొట్టు ఊడిరావడానికి వేడి గదిలో ఆరబెడతారు. ఆ గదిలో పట్టే ట్రేలు ఇన్నేనని లెక్క. బయట ఎంత పప్పు పోగుపడినా గది పెద్దదవదు. అమెరికావాళ్ల గదికి ఇంకో నియమం కూడా ఉంది. ఏ ఊరి పప్పూ ఇంత భాగానికి మించి లోపలికి రాకూడదు. చిన్న ఊరి ట్రే పొద్దున్న వచ్చి సాయంత్రానికి లోపలికి పోతుంది. పెద్ద ఊరిది గుమ్మంలో పడి ఉంటుంది. పప్పులో లోపమేమీ లేదు, ఎక్కువ పండడమే దాని తప్పు.

గుమ్మంలో ఎవరి వంతు వచ్చిందో చెప్పడానికి అక్కడి ప్రభుత్వం నెలనెలా ఒక తారీకు ప్రకటిస్తుంది. ఆ తారీకుకు ముందు దరఖాస్తు పెట్టినవాళ్లు లోపలికి రావచ్చు, తక్కినవాళ్లు కూర్చోవాలి. ఆ తారీకు ఒక నెల రెండు వారాలు కదులుతుంది, ఒక నెల అసలు కదలదు. ఒకసారి లోపల రద్దీ ఎక్కువైందని ఏడాదికి పైగా వెనక్కి నడిచింది. వంతు వెనక్కి నడవడం వైకుంఠరావు అంతకుముందు రేషను షాపులో కూడా చూడలేదు. ఆ రోజు అతను అన్నం ముట్టుకోలేదు.

ఇంతకీ అతని బెంగంతా పిల్ల గురించి. ఇరవై ఒకటి నిండినా, పెళ్లయినా, పిల్ల పేరు తల్లిదండ్రుల దరఖాస్తులోంచి జారిపోతుంది. పిల్ల లేకుండా ఆ దేశం వెళ్లే ఉద్దేశం మొగుడూ పెళ్లాలిద్దరికీ లేదు. అయితే ఆ ప్రభుత్వానికి ఒక దయాగుణం ఉంది. దరఖాస్తును పరిశీలిస్తూ అది నానబెట్టిన కాలాన్ని పిల్ల వయసులోంచి తీసేస్తుంది. అలా అశ్వినికి లోకం లెక్కన ఇరవై నాలుగు, అమెరికా లెక్కన ఇంకా ఇరవై. ఆ ఇరవై కూడా ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది.

ఆ కుటుంబం ఇన్నేళ్లూ బతికింది బస్టాండులో బతికినట్టు. తిత్లీ తుఫానుకు జలంత్రకోటలో వాళ్ల కొబ్బరి చెట్లూ జీడిమామిడి చెట్లూ వేళ్లతో సహా పడిపోయాయి. ఊళ్లో అందరివీ పడ్డాయి. అందరూ ఏడ్చి, మళ్లీ మొక్కలు వేసుకున్నారు. వైకుంఠరావు వెయ్యలేదు. "ఎల్లిపోయేవోల్లం, మనకెందుకు?" అన్నాడు. వానకు కారే పెంకుల గురించి అడిగితే అదే మాట, విరిగిన తలుపు గడియ గురించి అడిగినా అదే మాట. ఇప్పుడు పక్కవాళ్ల చెట్లు గెలలు వేశాయి. వాటి మధ్య అతని భూమి ఒక్కటీ బోడిగుండులా మెరుస్తూ ఉంటుంది. ఆ దారిన వెళ్లాల్సి వస్తే కాంతం తల తిప్పుకుని నడుస్తుంది.

ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. దరఖాస్తు పెట్టిన కొత్తలో కాంతం ఆనందం పట్టలేక పక్కింట్లో సగం మాట అనబోయి ఆగింది. ఆ వారంలోనే పెయ్యదూడ చచ్చిపోయింది. సగం మాటకే దూడ పోతే మొత్తం చెబితే ఏం పోతుందోనని ఆ ఇంట్లో అందరూ నోళ్లకు తాళం వేసుకున్నారు.

ఆ పొద్దున్న ఫోనులో తారీకు చూసి వైకుంఠరావు లేచి నిలబడ్డాడు. ఈ నెల ఒక్కసారే నాలుగు వారాలు కదిలిన తారీకు, వాళ్లు దరఖాస్తు పెట్టిన రోజుకు ఇంక మూడే వారాల దూరంలో ఉంది. ఈ లెక్కన వచ్చే నెలే వంతు. పిల్ల ఇరవై ఒకటి నిండే లోపల. "కాంతం, ఇంకొక్క నెల. ఈ నెల రోజులూ మా అప్పని ఆపగలిగితే సాలు" అన్నాడు.

అప్ప అంటే అతని తోడబుట్టిన అక్క, బుచ్చమ్మ. భర్త కిడ్నీలు పాడై పోయాడు. కొడుకు యుగంధర్ సోంపేట బజార్లో మోటారు సైకిళ్ల విడిభాగాల దుకాణం పెట్టుకున్నాడు. అశ్విని యుగంధర్‌దేనని పిల్లలిద్దరికీ ఊహ తెలియనప్పుడే అనుకున్నారు. ఊహ తెలిశాక వాళ్లే గట్టిగా అనుకున్నారు. బడి వదిలాక అశ్విని నడిచే దారి ఎప్పుడూ ఆ దుకాణం ముందునుంచే పోయేది, బస్టాండు అటు లేకపోయినా సరే.

"ఒరే తమ్ముడా, నా కోడలు నా ఇంటికి ఎప్పుడొత్తాదిరా?" వాళ్లు సోంపేట చేరగానే గుమ్మంలోనే అడిగింది బుచ్చమ్మ.

"ఇంకొక్క నెల ఆగప్పా. ఒక సంగతి తేలాలి."

"ఏటి సంగతి?"

"తేలినాక సెప్తాను. మన సేతుల్లో నేదు."

"మొన్న పిల్లని తీసుకుని ఇశాకపట్నం ఎందుకెల్లేవు? పలాస టేసన్లో మా ఆడబిడ్డ సూసింది. పలకరిస్తే మొకం తిప్పుకుని రైలెక్కేసినావంట."

వెళ్లింది అశ్విని పాస్‌పోర్టు కొత్తది చేయించడానికి. ఆ మాట చెబితే ఇంట్లో మిగిలిన ఒక్క గేదె ఏమవుతుందోనని వైకుంఠరావు భయం. "ఏదో పనుండి" అని నేల చూశాడు. బుచ్చమ్మ దగ్గర అబద్ధమాడలేని కాంతం కొంగుతో కళ్లొత్తుకుంది.

బుచ్చమ్మ ఇంకేమీ అడగలేదు. తిట్టనూ లేదు. లోపలికి వెళ్లి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, తమ్ముడి తల నిమిరింది. తిట్లు తప్పినందుకు వైకుంఠరావు సంతోషంగా బస్సెక్కాడు. అక్కడే పొరపాటు పడ్డాడు.

సోంపేటా పలాసా ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో పిల్లని తీసుకుని గుట్టుగా విశాఖ వెళ్లేవాళ్లకూ, పెళ్లి వాయిదా వేసేవాళ్లకూ, ఏదో తేలాలి, మన చేతుల్లో లేదు అనేవాళ్లకూ కారణం ఒకటే ఉంటుంది, కిడ్నీ రోగం. వేరే చోట వానెంత పడిందని అడిగినంత మామూలుగా ఇక్కడ క్రియాటినిన్ ఎంతని అడుగుతారు. ఆ రోగం ఎందుకొస్తోందో నీళ్లనూ మట్టినీ పరీక్షకు పట్టుకుపోయిన పెద్ద డాక్టర్లకే తేలలేదు. అది ఎవరింటికి ఎలా వస్తుందో మాత్రం భర్తను పోగొట్టుకున్న బుచ్చమ్మకు బాగా తెలుసు. అశ్వినికి అదే వచ్చిందని ఆవిడ ఆ సాయంత్రం ఏడుస్తూ తన ఆడబిడ్డకు ఒక్కదానికే చెప్పింది. ఆడబిడ్డా ఒకరికే చెప్పింది. అలా ఒక్కొక్కరికే చెప్పుకుంటూ పోయినా తెల్లారేసరికి ఆ మాట సోంపేట దాటి పలాస చేరింది.

మర్నాడు ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే హాల్లోకి వైకుంఠరావు అడుగుపెట్టగానే ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. అందరిలోకీ పెద్దదైన మోహిని లేచి వచ్చింది.

"బావూ, ఇన్నాం" అంది.

"ఏటి ఇన్నారు?"

"ఇంకా ఎందుకు బావూ దాయడం? పిల్ల సంగతి."

 అమెరికా గుట్టు బయటపడిందన్నమాట అనుకున్నాడు వైకుంఠరావు. విశాఖలో పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర తెలిసినవాళ్లెవరో చూసి ఉంటారు. దూడను తలుచుకుని, ఎలాగూ బయటపడిపోయిన గుట్టే కదా అని నిట్టూర్చాడు. "ఔనమ్మా. నిజమే" అన్నాడు.

"ఎన్నాల్ల బట్టి?"

"పంతొమ్మిదేల్లు."

"ఓలమ్మో! ఐదేల్ల గుంట కాడ్నుంచా? ఇన్నేల్లూ నవ్వుకుంటా తిరిగేరు గానీ ఒక్కులికీ సెప్పనేదు."

"సెప్తే దిట్టి తగుల్తాదని."

"ఇంకెన్నాల్లు అంతన్నారు?"

"ఒక్క నెల. మా అయితే రెండు."

మోహిని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనకాల హాలంతా వెక్కిళ్లు. తన కుటుంబం ఊరొదిలి వెళ్తోందంటే ఇంతమంది ఏడుస్తారని వైకుంఠరావు కలలో కూడా అనుకోలేదు. అతనికీ కళ్లు చెమర్చాయి. "ఊరుకోండమ్మా. అక్కడ బాగుంటాదంట. మా వొదిన ముందే ఎల్లింది కద, పిల్లని ఆవిడ సూసుకుంటాది" అని ఓదార్చాడు. దానితో ఏడుపు రెట్టింపైంది.

యజమాని మల్లేశ్వరరావు గదిలోకి పిలిపించి, ఎన్నడూ లేనిది కుర్చీ చూపించాడు. "మీ తప్పేం లేదు రావుగారూ. ఎక్కడ చూసినా ఇంతే. మెషీన్లు తక్కువ, జనం ఎక్కువ" అన్నాడు.

ఆయన అన్నది డయాలసిస్ మెషీన్లు. వీసా ముద్రలు కొట్టేవి కాబోలనుకున్నాడు వైకుంఠరావు. "అదే సార్ గొడవ. ఆల్ల దగ్గరున్నవే తక్కువ. మనవోల్లు మరీ ఎక్కువ. ముందున్నోల్లు అయితే గానీ మన వంతు రాదు."

"పాపం, పిల్ల తట్టుకోవాలిగా."

"ఈ నెల బాగా కదిలింది సార్. ముందున్నోల్లలో కొందరు ఇసుగొచ్చి తప్పుకున్నారంట. వయసైపోయి కొందరు పోయేరు కూడా. ఎవులో ఒకలు పోతేనే గద మనకి జాగా! ఆ లెక్కన మనకి మంచిదే."

మల్లేశ్వరరావు టీ కప్పు కింద పెట్టేశాడు. ఈ నెలంతా ఫ్యాక్టరీకి రావద్దనీ, జీతం ఇంటికే పంపిస్తాననీ, మనసు కుదుటపరుచుకోమనీ చెప్పి పంపేశాడు.

జలంత్రకోటలో ఊరు ఊరంతా మెత్తబడింది. బస్సులో జనం లేచి సీటిచ్చారు. అప్పిచ్చినవాడు చూసి కూడా పలకరించి ఊరుకున్నాడు. పక్కింటి చిన్నతల్లి పొద్దున్నే మంచినీళ్ల క్యాను మోసుకొచ్చి, మధ్యాహ్నం కూర తెచ్చి, "పిల్లకి ఇదే పెట్టు కాంతం, ఉప్పెయ్యనేదు" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. చిన్నప్పటినుంచీ అశ్విని కనబడితే బొండం కొట్టి ఇచ్చే ఎదురింటి ముసలాయన, ఆ పిల్ల వస్తోందని చూసి బొండాలను గోనెపట్టా కింద దాచాడు. ఆ రోగానికి బొండం పడదని ఊళ్లో అందరికీ తెలుసు.

"బొండాలు దాసీడం ఏటండీ?" అంది కాంతం.

"అమెరికాలో ఇవి దొరకవు కద. ఇప్పట్నుంచీ అలవాటు మాన్పిత్తన్నారు" అన్నాడు వైకుంఠరావు.

"మరి ఉప్పో?"

"అక్కడోల్లు సప్పగానే తింతారంట. చిన్నతల్లికి ఎలా తెలిసిందో గానీ ఎంత ముందుసూపు!"

 అతనికి సిగ్గేసింది. కుళ్లుకుంటారనీ, దిష్టి పెడతారనీ ఇన్నేళ్లు ఎవరినుంచి దాచాడో ఆ జనమే, వెళ్లిపోతున్నవాళ్లకు ఇంతగా చేస్తున్నారు. ఇలాంటి ఊరినా తను పంతొమ్మిదేళ్లుగా వదిలించుకోవాలని చూస్తున్నాడు? మొదటిసారి అతనికి వెళ్లాలంటే దిగులేసింది. చప్పటి కూర తింటూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఉప్పుతో కూర కాస్త రుచిగానే ఉంది.

మరుసటి వారం బుచ్చమ్మ ఫోను చేసింది.  "తమ్ముడా, నువ్వు ఆగాల్సినంత కాలం ఆగు. మావోడికి టెక్కలి సంబంధం సూత్తన్నాం. నాకు ఉన్నది ఒక్కడేరా. నాను ఒకసారి పడ్డాను. మల్లీ పడనేను. నన్ను తప్పు పట్టకు."

అమెరికా పోయేవాళ్లతో మనకెందుకని అక్క తప్పుకుంటోందని వైకుంఠరావు అనుకున్నాడు. నొప్పిగానే ఉంది. అయినా ఒక నెల గడువు కోసం ఇన్ని అవస్థలు పడ్డవాడికి గడువు దానంతటదే దొరికింది. "నీ ఇట్టం అప్పా" అని పెట్టేశాడు. ఆ మాట పొడిగా అన్నందుకు తర్వాత చాలా రోజులు బాధపడ్డాడు.

ఆ సంగతి తెలిసిన దగ్గరనుంచీ అశ్విని అన్నం సయించక పళ్లెం ముందు కూర్చుని లేచిపోయేది. బావ దుకాణం ముందునుంచి నడవడం మానేసి, అతని ఫోను కూడా తియ్యలేదు. ఆ పిల్ల బుద్ధెరిగిన నాటినుంచీ ఆ ఇంట్లో అన్నిటికీ ముందు ఆ తారీకు నిలబడి ఉంది. విశాఖలో చదువుతానంటే, మధ్యలో పిలుపొస్తే ఆగిపోతుందన్నారు. గదికి రంగు వేయిస్తానంటే, ఎందుకన్నారు. ఇప్పుడు బావ కూడా ఆ తారీకులోనే కొట్టుకుపోయాడు. వారం తిరిగేసరికి మొహం పీక్కుపోయి కళ్లకింద నలుపు వచ్చింది. చూసినవాళ్లు చూసి, నిజమేనని ఖాయం చేసుకున్నారు. బడిలో హెడ్ మాస్టరు మెట్లెక్కొద్దని చెప్పి, తరగతిని కిందికి మార్పించాడు.

ఒక ఆదివారం పొద్దున్న యుగంధర్ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. వెనకాల, ఆటో దిగి పరిగెడుతున్నట్టుగా బుచ్చమ్మ. ఆవిడ అరుపులు విని చిన్నతల్లీ, ఇంకా నలుగురూ వాకిట్లో చేరారు. యుగంధర్ అరుగు మీద కూర్చోకుండా నిలబడే, నేల చూస్తూ అన్నాడు.

"మావయ్యా, నాను ఇవ్వలేనంట."

"ఏటి ఇవ్వలేవురా?" అన్నాడు వైకుంఠరావు.

"అమ్మ వద్దన్నా ఇనకుండా మొన్న ఇశాకపట్నం ఎల్లి టెస్టులు సేయించుకున్నాను. అశ్వినిదీ నాదీ ఒకటే గ్రూపు కద, ఒకటి ఇచ్చీవచ్చనుకున్నాను. డాక్టరుగారు సూసి, ఇవ్వడం మాట అటుంచు బాబూ, నీవే పాడవుతున్నాయి అన్నారు." అతను జేబులోంచి రిపోర్టు తీసి అరుగు మీద పెట్టాడు. "ఇప్పుడే మొదలంట. ముందుగా దొరికింది గనక మందులూ, జాగ్రత్తా ఉంటే సానా కాలం ఏం ఫర్వానేదంట. నా గురించి కాదు మావయ్యా. దానికి ఇంకెవులైనా దొరుకుతారేమో సూడండి. నెల రోజులే అన్నారట కద."

 బుచ్చమ్మ నేలమీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"దేనికి దొరకాలి? ఎవులికి?" అన్నాడు వైకుంఠరావు. అప్పటికి ఉప్పు లేని కూరా, దాచిన బొండాలూ, మోహిని ఏడుపూ, మల్లేశ్వరరావు టీ కప్పూ ఒకదాని వెనక ఒకటి అతని బుర్రలోకి వచ్చి కూర్చున్నాయి. ముందు వదిన వెళ్లింది, ఆవిడే చూసుకుంటుంది అని తను ఓదార్చిన ఓదార్పు కూడా గుర్తొచ్చింది.  "ఒరే, పిల్లకి ఏటీ నేదురా! అది అమెరికారా! ఆల్ల దగ్గర వీసాలు ఇన్నే ఉంటాయి, మన దేశంవోల్లు ఎక్కువ, అందుకని వంతు రానేదు. ఆ వంతు కోసమే ఇన్నాల్లూ పెల్లి ఆపేను!"

ముందు తేరుకున్నది చిన్నతల్లి. "అయితే ఉప్పు మానేసి నాను ఇన్నాల్లూ వండింది అమెరికా ఎల్లీవోల్లకా?" అంది. కిడ్నీ అంటే గుండె కరిగిన మనిషికి అమెరికా అనేసరికి ఒళ్లు మండింది. వీధివైపు వెళ్లబోయి, మళ్లీ లోపలికి వచ్చి, నీళ్ల క్యాను ఖాళీది తీసుకుని మరీ వెళ్లింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే కదిలారు. పిల్ల బాగుందన్న సంతోషం ఎవరి మొహంలోనూ కనబడలేదు. ఎన్నో ఏళ్లుగా పక్కనే ఉండి పరాయివాళ్లుగా చూశాడన్న కోపమే కనబడింది. వైకుంఠరావు చేతులు జోడించాడు గానీ అప్పటికి వాకిలి ఖాళీ అయిపోయింది.

మిగిలింది అయినవాళ్లు. అశ్విని గుమ్మంలో నిలబడి ఉంది. బావ తన కోసం కిడ్నీ ఇవ్వబోయాడన్న మాటకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. రెంటినీ ఆపుకోలేకపోయింది.

బుచ్చమ్మ తలెత్తింది. కొడుకు వైపు చూసింది, కోడలు కావాల్సిన పిల్ల వైపు చూసింది. అడగాలని ఉన్నా అడగలేకపోతోంది. పిల్లకు రోగమని తనే తప్పుకుంది. ఇప్పుడు ఏ మొహంతో అడుగుతుంది? "ఎల్లిపోదాం రారా" అంది కొడుకుతో.

వైకుంఠరావు వాళ్లను ఆపలేదు. బావగారు మంచాన పడి ఎలా పోయాడో అతను కళ్లారా చూశాడు. ఒక్కగానొక్క పిల్లను తెలిసి తెలిసి ఆ ఇంటికి పంపించే ధైర్యం ఏ తండ్రికి ఉంటుంది? పైగా వచ్చే నెల తారీకు వస్తుంది. అక్క తన కొడుకు కోసం భయపడ్డట్టే అతనూ కూతురు కోసం భయపడ్డాడు. భయానికి ఆ ఇల్లూ ఈ ఇల్లూ అని తేడా ఉండదు.

"నాన్నా" అంది అశ్విని.

"నువ్వు ఊరుకోమ్మా. ఇంకా ఇరవయ్యే కద నీకు. ఒక్క నెల ఓపిక పడితే..."

"నాకు ఇరవై నాలుగు నాన్నా. నాను ఇక్కడే పెరిగేను. నా వయసు ఇక్కడి లెక్కన సూడు. బావకి బాగునేదు. రేపు నాకే బాగునేకపోతే ఏటి సేత్తాడో సూసేం కద. ఇంక ఏ వంతు కోసం ఆగమంటావు?"

వైకుంఠరావు భార్య వైపు చూశాడు. దరఖాస్తు కాంతం పేరు మీద ఉంది. అయినా ఇన్నేళ్లలో ఏనాడూ ఆవిడనెవరూ అడగలేదు. కాంతం లేచి, లోపలికి వెళ్లి, బుచ్చమ్మకు మంచినీళ్లు తెచ్చింది. "కూకో వొదినా. శ్రావణంలో ముహూర్తాలున్నాయేమో పంతులుగారిని అడుగుదాం" అంది. బుచ్చమ్మ ఆ గ్లాసు పట్టుకుని, తాగకుండా చాలాసేపు ఏడ్చింది.

పెళ్లి సోంపేటలో, ఆర్భాటం లేకుండా జరిగింది. మోహినీ వాళ్లూ వచ్చారు. మల్లేశ్వరరావు వచ్చి, వైకుంఠరావును ఎగాదిగా చూసి, రేపటినుంచి పనిలోకి రమ్మన్నాడు. చిన్నతల్లి రానని రానని చివరికి వచ్చింది. పప్పులో ఉప్పెక్కువైందని అందరికీ వినబడేలా అని, రెండుసార్లు వడ్డించుకుంది. కోపం పోలేదు గానీ పలకరింపు మొదలైంది. ఇకమీదట యుగంధర్‌కు మందులు వేళకు వేసేది ఎవరో పెళ్లినాడే అందరికీ అర్థమైంది. పెళ్లిపీటల మీదనుంచే అశ్విని అతనికి మాత్ర గుర్తుచేసింది. ఆ పూటకు వైకుంఠరావు ఆ ఇద్దరినీ చూసి కడుపు నింపుకున్నాడు. ముందున్న రోజులను తలుచుకుంటే మాత్రం అతని గుండెలో బరువు అలాగే ఉంది. అది దిగేది కాదని అతనికి తెలుసు.

పెళ్లి పందిరి ఆకులు ఇంకా పూర్తిగా ఎండకముందే కొత్త అల్లుడు కవిటి నుంచి కొబ్బరి మొక్కలు తెప్పించాడు. వానలు కూడా పడ్డాయి. ఆ పొద్దున్న వైకుంఠరావూ కాంతమూ బోడి భూమిలో గోతులు తవ్వుకుంటూ మొక్కలు పాతుతున్నారు. ఆవిడ తల తిప్పుకోకుండా ఆ భూమిని చూడడం తుఫాను తర్వాత అదే మొదటిసారి. ఈ నెల తారీకు చూడడం వైకుంఠరావు మరిచిపోయాడు. ఆ సంగతి కూడా అతనికి ఫోను మోగాకే గుర్తొచ్చింది.

ఉషారాణి. స్పీకరులో ఆవిడ కేక పక్క తోటదాకా వినబడింది. "కాంతం! వచ్చీసిందే! మీ తారీకు దాటిపోనాది! పంతొమ్మిదేల్లకి మీ వంతొచ్చిందే!"

వైకుంఠరావు గునపం మట్టిలో గుచ్చి ఆగాడు. పెళ్లి ఇంకొక్క పది రోజులు ఆగి ఉంటే పిల్ల పేరు దరఖాస్తులో ఉండేది. ఆ సంగతి అతను పైకి అనలేదు. కాంతమూ అనలేదు. 

"అశ్విని పెల్లి అయిపోనాదక్కా" అంది కాంతం చివరికి.

 ఉషారాణి గొంతు తగ్గించింది. "తెలుసు. అయినా... మీరిద్దరైనా రండే. ఇన్నేల్లూ ఎదురుసూసేను కద. ఇప్పుడు రాకపోతే ఎప్పుడొత్తారు?"

 కాంతం మట్టి చేత్తోనే కళ్లు తుడుచుకుంది. సోంపేట వైపు వెళ్లే బస్సు రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ పోయింది. పాతాల్సిన మొక్కలు ఇంకా సగం గట్టు మీదే ఉన్నాయి.

"ఇప్పుడెలా కుదుర్తాదక్కా? కొబ్బరి మొక్కలేసేం, కాపుకి ఐదారేల్లు పడతాది. అందాకా ఆ అమెరికావోల్లని లైన్లో ఉండమను."